బిగ్ టెన్ యూనివర్సిటీలను ఎలా పోల్చుకోవాలి? అప్లై చేసే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

ఎంఎస్‌కి అమెరికా వెళ్దామనుకునే ఎవరి లిస్టు తీసుకున్నా పర్డ్యూ, ఇలినాయ్, మిషిగన్, ఒహాయో స్టేట్, పెన్ స్టేట్, రట్గర్స్, మేరీలాండ్‌లలో రెండు మూడైనా ఉంటాయి. ఇవన్నీ ‘బిగ్ టెన్’ అనే క్రీడా కూటమిలో సభ్యులు. కన్సల్టెన్సీలోనో, యూట్యూబ్‌లోనో ‘అది బిగ్ టెన్ స్కూలు’ అని చెబుతారు. వెంటనే సీనియర్‌కి మెసేజ్ వెళ్తుంది: ‘అన్నా, అంటే టాప్ టెన్‌లో ఉన్నట్టేనా?’

కాదు. అలాగని ఆ పేరును బొత్తిగా కొట్టిపారేయాల్సిన పనీ లేదు. అది మీకు ఎంతవరకు పనికొస్తుంది, అక్కడి నుంచి మీరే వేసుకోవాల్సిన లెక్కలేంటి అన్నది వరసగా చెబుతాను. ఒక ఎక్సెల్ షీటు తెరిచి, రెండు మూడు ఆదివారాలు దీనికే కేటాయించండి. నలభై, యాభై లక్షల లోను కాగితాల మీద అమ్మానాన్నలతో సంతకం పెట్టించే ముందు ఆ మాత్రం సమయం పెట్టి తీరాలి.

1. కూటమి అంటే ఏంటో ముందు తెలుసుకోండి

బిగ్ టెన్ 1896లో షికాగోలో ఏడు యూనివర్సిటీలతో మొదలైంది. కాలేజీ ఫుట్‌బాల్‌కి (అమెరికన్ ఫుట్‌బాల్, మన దగ్గర ఆడేది కాదు) ఒక పద్ధతి, నిబంధనలు తేవడం కోసం పెట్టుకున్న సంఘం ఇది. చదువు నాణ్యతను కొలవడానికి పెట్టింది కాదు. 2024లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ, యూఎస్‌సీలతో పాటు ఒరెగన్, వాషింగ్టన్ చేరాక సభ్యుల సంఖ్య 18 అయింది, పేరు మాత్రం మారలేదు. ఒకప్పుడు మిడ్‌వెస్ట్ రాష్ట్రాలకే పరిమితమైన కూటమి ఇప్పుడు న్యూజెర్సీ నుంచి లాస్ ఏంజెలెస్ దాకా సాగింది. కాబట్టి ఒకే కూటమిలో ఉన్నాయి కదా, వాతావరణం, ఖర్చు, ఉద్యోగాలు కూడా కాస్త అటూ ఇటూగా ఒకేలా ఉంటాయిలే అని అనుకోకండి.

కూటమి పేరు దేన్ని చెప్పదో తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలు. మొదటి ఏడుగురు సభ్యుల్లో యూనివర్సిటీ ఆఫ్ షికాగో ఒకటి. 1946లో బయటికి వచ్చేసింది. ఈరోజుకీ ప్రపంచంలో గొప్ప యూనివర్సిటీల్లో అది ఒకటి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ 2024లో అట్లాంటిక్ తీరం పేరున్న ఏసీసీ అనే కూటమిలో చేరాయి. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ అదే ఏడాది ఎస్ఈసీ అనే ఇంకో కూటమికి వెళ్లింది. ఈ మార్పులన్నిటి వెనకా ఉన్నవి ఫుట్‌బాల్, టీవీ హక్కులు.

మరి పనికొచ్చేది ఏంటి? ఈ 18లో నెబ్రాస్కా తప్ప మిగతా 17 అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ యూనివర్సిటీస్‌లో సభ్యులు. అది గట్టి పరిశోధన ఉన్న యూనివర్సిటీల సంఘం. నెబ్రాస్కా 2011లో ఆ సభ్యత్వం కోల్పోయింది. పైగా 1958 నుంచి ఈ యూనివర్సిటీలకి చదువుల కోసం వేరే ఒక కూటమి ఉంది. దాన్నే ఇప్పుడు బిగ్ టెన్ అకడమిక్ అలయన్స్ అంటున్నారు. దాని ద్వారా ఒక చోటి విద్యార్థి ఇంకో చోటి లైబ్రరీ పుస్తకం తెప్పించుకోవచ్చు. పీహెచ్‌డీ విద్యార్థి వేరే సభ్య యూనివర్సిటీకి వెళ్లి కొంతకాలం పరిశోధన చేసుకోవచ్చు. పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్లు దీన్ని గుర్తు పెట్టుకోండి. ఎంఎస్ వాళ్లకి దీనివల్ల పెద్దగా తేడా పడదు.

అంటే బిగ్ టెన్ అన్న మాట మీకు ‘ఇవి పెద్ద పరిశోధన యూనివర్సిటీలు’ అని చెబుతుంది. వాటిలో మీకు ఏది సరిపోతుందో మాత్రం చెప్పదు.

2. పూర్తి పేరు, ఊరి పేరు కలిపి రాసుకోండి

మనవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. షీటులో మొదటి గడిలో ‘విస్కాన్సిన్’ అని ఒక్క మాట రాసి వదిలేయకండి. బిగ్ టెన్‌లో ఉన్నది మాడిసన్‌లోని విస్కాన్సిన్ యూనివర్సిటీ. సత్య నాదెళ్ల కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చేసింది విస్కాన్సిన్ యూనివర్సిటీలోనే, కాకపోతే మిల్వాకీ క్యాంపస్‌లో. అది బిగ్ టెన్ కాదు. అక్కడ చదివిన మనిషి మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు కాబట్టి మిల్వాకీని తక్కువ చేసి చూడాల్సిన అవసరమూ లేదు. కానీ రెండూ వేర్వేరు: అప్లికేషన్ వేరు, ఫీజు వేరు, ప్రొఫెసర్లు వేరు, అడ్మిషన్ కష్టం వేరు.

ఇలాంటివే మరికొన్ని. ఇలినాయ్ అంటే అర్బానా-షాంపేన్. షికాగో నగరంలో ఉన్న యూఐసీ (షికాగోలోని ఇలినాయ్ యూనివర్సిటీ), ఐఐటీ షికాగో వేరు. మిషిగన్ యూనివర్సిటీ అంటే యాన్ ఆర్బర్. డియర్‌బోర్న్, ఫ్లింట్ క్యాంపస్‌లు వేరు, ఈస్ట్ లాన్సింగ్‌లోని మిషిగన్ స్టేట్ పూర్తిగా వేరే యూనివర్సిటీ. మిషిగన్, మిషిగన్ స్టేట్ రెండూ బిగ్ టెన్‌లోనే ఉండడం ఈ గందరగోళానికి తోడు. మేరీలాండ్ అంటే కాలేజ్ పార్క్. మన పిల్లలు బాగా చేరే యూఎంబీసీ (బాల్టిమోర్ కౌంటీలోని మేరీలాండ్ యూనివర్సిటీ) బాల్టిమోర్ పక్కన ఉంటుంది, అది బిగ్ టెన్ కాదు. రట్గర్స్ అంటే న్యూ బ్రన్స్‌విక్. నువర్క్, కామ్డెన్ క్యాంపస్‌లు కావు. వాషింగ్టన్ అంటే సియాటెల్‌లోది. పుల్‌మన్‌లోని వాషింగ్టన్ స్టేట్, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ, మేరీలాండ్ పక్కనున్న రాజధాని వాషింగ్టన్ డీసీలోని జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ, ఇవి మూడూ వేరు. ఎవాన్‌స్టన్‌లోని నార్త్‌వెస్టర్న్‌ను నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్‌తోనూ, బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్‌తోనూ కలిపేయకండి. పెన్ స్టేట్ ప్రధాన క్యాంపస్ స్టేట్ కాలేజ్ అనే ఊళ్లోని యూనివర్సిటీ పార్క్. హారిస్‌బర్గ్, గ్రేట్ వ్యాలీలలో కూడా దానికి ఎంఎస్ కోర్సులున్న క్యాంపస్‌లు ఉన్నాయి. ఫిలడెల్ఫియాలోని యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఇండియానా రాష్ట్రం సంగతి విడిగా చెప్పాలి. ఇండియానా యూనివర్సిటీ అంటే బ్లూమింగ్టన్, పర్డ్యూ అంటే వెస్ట్ లఫాయెట్. ఇండియానాపొలిస్‌లో ఈ రెండూ కలిసి నడిపిన ఐయూపీయూఐ 2024 జులైలో విడిపోయింది. ఒక భాగం ఐయూ ఇండియానాపొలిస్ అయింది, ఇంకో భాగం పర్డ్యూ ఇన్ ఇండియానాపొలిస్ అయింది. పాత సీనియర్లు ‘ఐయూపీయూఐ బాగుంటుంది’ అని చెబితే ఇప్పుడు వాళ్ల కోర్సు ఏ వైపు వెళ్లిందో చూసుకోవాలి. పర్డ్యూ నార్త్‌వెస్ట్, పర్డ్యూ ఫోర్ట్ వేన్ కూడా వేరే క్యాంపస్‌లే.

షీటులో మొదటి గడి ఇలా ఉండాలి: యూనివర్సిటీ పూర్తి పేరు, ఊరు, రాష్ట్రం, అప్లికేషన్ లింకు. అప్లికేషన్ ఫీజు ఒక్కోదానికి వంద డాలర్లకు అటూ ఇటూగా ఉంటోంది. తప్పు క్యాంపస్‌కి కట్టేస్తే ఆ డబ్బు తిరిగి రాదు.

3. మీ బ్రాంచి అక్కడ నిజంగా ఉందా?

యూనివర్సిటీ మొత్తం ర్యాంకు చూసి డిపార్ట్‌మెంట్‌ను అంచనా వేయకండి. ఇక్కడే పెద్ద తేడాలు ఉన్నాయి.

యూజీన్‌లోని ఒరెగన్ యూనివర్సిటీ జర్నలిజానికీ, అథ్లెటిక్స్‌కీ పేరున్న చోటు. నైకీ పెట్టిన ఫిల్ నైట్ చదివింది అక్కడే. కానీ సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ చదివే పెద్ద ఇంజనీరింగ్ కాలేజీ కావాలంటే ఆ రాష్ట్రంలో వెళ్లాల్సింది కార్వాలిస్‌లోని ఒరెగన్ స్టేట్‌కి. బ్లూమింగ్టన్‌లోని ఇండియానా యూనివర్సిటీలో కెల్లీ బిజినెస్ స్కూలుకీ, ఇన్ఫర్మాటిక్స్, కంప్యూటింగ్ కోర్సులకీ మంచి పేరు. మెకానికల్, సివిల్ వాళ్లకి మాత్రం ఆ రాష్ట్రంలో చిరునామా పర్డ్యూ. అయోవా సిటీలోని అయోవా యూనివర్సిటీ రచనా శిక్షణకీ, ఆసుపత్రికీ ప్రసిద్ధం. పెద్ద ఇంజనీరింగ్ ఉన్న అయోవా స్టేట్ వేరే ఊళ్లో, ఏమ్స్‌లో ఉంది, అది వేరే కూటమి.

ఇటువైపు చూడండి. అమెరికాలో మొదటి కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ 1962లో పెట్టింది పర్డ్యూ. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏరోనాటికల్ చదివిందీ అక్కడే. ఇలినాయ్‌లోని ఎన్‌సీఎస్ఏ అనే సూపర్‌కంప్యూటింగ్ కేంద్రం నుంచే 1993లో మొజాయిక్ బ్రౌజర్ వచ్చింది. ఫిజిక్స్‌లో రెండు సార్లు నోబెల్ అందుకున్న జాన్ బార్డీన్ ప్రొఫెసర్‌గా పనిచేసిందీ అక్కడే. మిషిగన్ స్టేట్ సప్లై చెయిన్‌లో దిట్ట. న్యూక్లియర్ ఫిజిక్స్ కోసం 2022లో అక్కడ ఎఫ్ఆర్ఐబీ అనే పెద్ద కేంద్రం మొదలైంది. 1969 అక్టోబర్ 29న ఇంటర్నెట్‌కి ముందు రూపమైన ఆర్పానెట్‌లో మొదటి సందేశం వెళ్లింది యూసీఎల్‌ఏ నుంచి. స్టాటిస్టిక్స్‌లో పెన్ స్టేట్ పేరు చెప్పగానే మనకి గుర్తు రావాల్సింది సి.ఆర్. రావు గారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న ఆయన 1988లో అక్కడ చేరారు. 2023లో ఆయనకి స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి వచ్చింది.

వ్యవసాయం, వెటర్నరీ, ఫుడ్ సైన్స్ వైపు చూసేవాళ్లకి ఇంకో గుర్తు ఉంది: 1862 నాటి మారిల్ చట్టం కింద భూములతో ఏర్పడిన ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీలు. పర్డ్యూ, ఇలినాయ్, మిషిగన్ స్టేట్, ఒహాయో స్టేట్, పెన్ స్టేట్, నెబ్రాస్కా, మిన్నెసోటా, విస్కాన్సిన్, మేరీలాండ్, రట్గర్స్ ఈ కోవలోవి. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1960లో ఇలినాయ్ సాయంతో అదే నమూనాలో పుట్టింది. మన రాజేంద్రనగర్ విశ్వవిద్యాలయానికి ఆ రోజుల్లో తోడు నిలిచింది కాన్సాస్ స్టేట్. అది బిగ్ టెన్ కాదు, అయినా అగ్రికల్చర్ బీఎస్సీ చేసి వెళ్లేవాళ్లు దాన్ని కూడా లిస్టులో పెట్టుకోవచ్చు.

డిపార్ట్‌మెంట్‌ను అంచనా వేయడానికి చేయాల్సిన పని: వెబ్‌సైట్‌లో ఫ్యాకల్టీ పేజీ తెరవండి. మీకు ఆసక్తి ఉన్న అంశంలో ఎంతమంది పనిచేస్తున్నారో లెక్కపెట్టండి. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరూ సెలవులో వెళ్లినా, వేరే చోటికి మారినా మీ ప్లాన్ మొత్తం పోతుంది. తర్వాత గత రెండు సెమిస్టర్ల క్లాస్ షెడ్యూల్ తెరవండి. క్యాటలాగులో కనిపించే కోర్సులన్నీ నిజంగా నడుపుతారని లేదు. యూఎస్ న్యూస్ వాళ్ల కంప్యూటర్ సైన్స్ ర్యాంకు ఇతర యూనివర్సిటీల ప్రొఫెసర్ల అభిప్రాయ సేకరణ మీద ఆధారపడింది. ఉద్యోగాలు, జీతాలు అందులో లేవు. కాబట్టి 8వ ర్యాంకుకీ 14వ ర్యాంకుకీ మధ్య తేడా కోసం పది లక్షలు ఎక్కువ పెట్టకండి.

4. డిగ్రీ ఏ రకమో చూడండి

ఒకే డిపార్ట్‌మెంట్‌లో థీసిస్ ఉన్న ఎంఎస్, థీసిస్ లేని ఎంఎస్, ప్రొఫెషనల్ మాస్టర్స్, ఎంఇంజ్ (మాస్టర్ ఆఫ్ ఇంజనీరింగ్) అని రకరకాలు ఉంటాయి. ఇలినాయ్‌లో ఎంఎస్ వేరు, ఎంసీఎస్ (మాస్టర్ ఆఫ్ కంప్యూటర్ సైన్స్) వేరు. ఎంసీఎస్ 32 క్రెడిట్ల కోర్సు, థీసిస్ ఉండదు. పరిశోధన వైపు, పీహెచ్‌డీ వైపు వెళ్దామనుకుంటే థీసిస్ ఎంఎస్ చూసుకోండి. ఉద్యోగమే లక్ష్యమైతే ప్రొఫెషనల్ డిగ్రీ సరిపోతుంది, త్వరగా అయిపోతుంది కూడా. అయితే దానికి అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలో జీతంతో చేసే పని) దొరకడం కష్టం. కొన్ని చోట్ల ఈ కోర్సుల వాళ్లకి ట్యూషన్ మినహాయింపే వర్తించదు.

ఇంకో ముఖ్యమైన గడి సీఐపీ కోడ్, అంటే కోర్సు ఏ సబ్జెక్టు కిందికి వస్తుందో చెప్పే నంబరు. చదువు అయ్యాక ఓపీటీ (అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) 12 నెలలు. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. కోర్సు పేరు వినడానికి టెక్నికల్‌గా ఉన్నంత మాత్రాన అది స్టెమ్ అయిపోదు. కంప్యూటర్ సైన్స్‌కి 11.0701 లాంటి కోడ్ ఉంటుంది, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద కోర్సు పేరు పక్కనే అచ్చవుతుంది. బిజినెస్ స్కూలు నడిపే అనలిటిక్స్, ఐటీ మేనేజ్‌మెంట్ కోర్సుల విషయంలో దీన్ని తప్పకుండా మెయిల్ చేసి అడగండి, జవాబు దాచుకోండి.

5. ఖర్చు: మొత్తం డిగ్రీకి లెక్క వేయండి

ఏడాదికి ఎంత అని పోల్చకండి, డిగ్రీ మొత్తానికి ఎంత అని పోల్చండి. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవి. ఒక చోట క్రెడిట్‌కి 1,600 డాలర్లు, 30 క్రెడిట్లు: 48,000. ఇంకో చోట క్రెడిట్‌కి ఇంత అని కాకుండా సెమిస్టర్‌కి మొత్తంగా 16,000. మూడు సెమిస్టర్లలో పూర్తయితే అదీ 48,000. నాలుగో సెమిస్టర్ దాకా సాగితే 64,000. కాబట్టి రెండో రకం చోట ‘మూడు సెమిస్టర్లలో ఎంతమంది ముగిస్తున్నారు?’ అన్న ప్రశ్నకి జవాబు తెలియకుండా పోల్చలేరు.

ట్యూషన్ పక్కన తప్పనిసరి ఫీజులు, ఇంజనీరింగ్ లేదా బిజినెస్ కాలేజీ వసూలు చేసే అదనపు ఫీజు, అంతర్జాతీయ విద్యార్థి ఫీజు, హెల్త్ ఇన్సూరెన్స్, ఇవన్నీ విడివిడి గడుల్లో రాయండి. యూనివర్సిటీ హోమ్ పేజీలో కనిపించే ట్యూషన్ అంకె చాలాసార్లు బ్యాచిలర్స్ విద్యార్థులది. మీకు కావాల్సింది బర్సర్ (ఫీజులు వసూలు చేసే) ఆఫీసు పేజీలో ‘గ్రాడ్యుయేట్, నాన్ రెసిడెంట్ లేదా ఇంటర్నేషనల్, మీ కాలేజీ’ అని ఉన్న వరస. నార్త్‌వెస్టర్న్, యూఎస్‌సీ ప్రైవేటువి కాబట్టి అక్కడ రాష్ట్రంవాళ్లకో ఫీజు, బయటివాళ్లకో ఫీజు అనేది ఉండదు. మిగతా 16 ప్రభుత్వ యూనివర్సిటీలు. పర్డ్యూ 2013 నుంచి ఏళ్ల తరబడి ట్యూషన్ పెంచకుండా ఆపింది, పోల్చేటప్పుడు అది తేడాగా కనిపిస్తుంది.

తర్వాత ఇంటి ఖర్చు. చిన్న ఊళ్లో అద్దె, తిండి, బస్సు కలిపి నెలకి 1,100 డాలర్లు, లాస్ ఏంజెలెస్‌లో 1,900 అనుకుందాం. 20 నెలలకి 22,000, 38,000. తేడా 16,000 డాలర్లు. డాలరు 90 రూపాయల లెక్కన 14 లక్షల 40 వేలు. ట్యూషన్‌లో చిన్న తేడా చూసి సంబరపడేవాళ్లు ఈ గడి నింపాక లిస్టు క్రమం మార్చుకోవాల్సి వస్తుంది.

అడ్మిట్ వచ్చాక ఐ-20 చేతికి అందినప్పుడు అంచనా ఖర్చు దగ్గర ‘9 నెలలు’ అని ఉందో ‘12 నెలలు’ అని ఉందో చూడండి. తొమ్మిది నెలల అంకెనూ పన్నెండు నెలల అంకెనూ పక్కపక్కన పెట్టి ఇది చవక అనుకుంటే వేసవి మూడు నెలల అద్దె లెక్కలోకి రానట్టే. డాలరు పెరిగే సంగతి కూడా కలుపుకోండి: 60,000 డాలర్ల ఖర్చు మీద డాలరు 5 రూపాయలు పెరిగితే 3 లక్షలు అదనం.

6. ఫండింగ్ గురించి మాటలు నమ్మకండి, రూలు చదవండి

టీఏ (బోధనలో సాయం చేసే పని), ఆర్ఏ (పరిశోధనలో సాయం చేసే పని) వస్తుందన్న ఆశ మీద లోను తగ్గించి తీసుకోకండి. పీహెచ్‌డీ విద్యార్థులకే మొదటి ప్రాధాన్యం. ఎంఎస్ వాళ్లకి మిగిలితేనే. అయినా అవకాశం ఎక్కడ ఎంత ఉందో పోల్చడానికి మార్గం ఉంది. 50 శాతం అసిస్టెంట్‌షిప్ అంటే వారానికి 20 గంటలు, 25 శాతం అంటే 10 గంటలు. ఎంత శాతం ఉంటే ట్యూషన్ మినహాయిస్తారు అనే రూలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఇలినాయ్‌లో 25 శాతం నుంచే మినహాయింపు మొదలవుతుంది, పైన చెప్పిన ప్రొఫెషనల్ కోర్సుల సంగతి వేరు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పనిచేయకూడదు.

ఇలినాయ్, పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాల్లో క్లాసులో పాఠం చెప్పేవాళ్లకి ఇంగ్లిష్ బాగా మాట్లాడడం వచ్చి ఉండాలని చట్టమే ఉంది. అందుకే టీఏ కావాలనుకునేవాళ్లు టోఫెల్ మొత్తం స్కోరుతో సరిపెట్టుకోకుండా స్పీకింగ్ స్కోరు విడిగా ఎంత అడుగుతున్నారో చూడాలి. మొత్తం మీద మంచి స్కోరు వచ్చి స్పీకింగ్ దగ్గర ఆగిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు.

7. ఊరు, చుట్టుపక్కల కంపెనీలు

సియాటెల్‌లో అమెజాన్, పక్కనే మైక్రోసాఫ్ట్. మిన్నెసోటా యూనివర్సిటీ ఉన్న మిన్నియాపొలిస్‌లో టార్గెట్, దగ్గర్లో 3ఎం, మెడ్‌ట్రానిక్ కార్యకలాపాలు. న్యూ బ్రన్స్‌విక్‌లో జాన్సన్ అండ్ జాన్సన్ ప్రధాన కార్యాలయం, పక్కనే ఎడిసన్. అక్కడ తెలుగు మాట వినపడని రోజుండదు. మాడిసన్ దగ్గర వెరోనాలో ఎపిక్ అనే హెల్త్‌కేర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ. యాన్ ఆర్బర్ నుంచి డెట్రాయిట్ కార్ల కంపెనీలు దగ్గర. కాలేజ్ పార్క్ చుట్టూ నాసా గొడార్డ్, ఎన్ఐహెచ్ (వైద్య పరిశోధన సంస్థ) లాంటి ప్రభుత్వ సంస్థలున్నా చాలా ఫెడరల్ ఉద్యోగాలకి అమెరికా పౌరసత్వం అడుగుతారు. ఈ సంగతి తెలియక ‘డీసీ దగ్గర కదా, జాబ్స్ ఎక్కువ’ అనుకుని వెళ్తుంటారు.

దీనర్థం చిన్న ఊళ్లో ఉన్న పర్డ్యూ, ఇలినాయ్, పెన్ స్టేట్ వాళ్లకి ఉద్యోగాలు రావని కాదు. పెద్ద కంపెనీలు అక్కడికే కెరీర్ ఫెయిర్‌లకి వస్తాయి. కెరీర్ ఫెయిర్‌కి వచ్చే కంపెనీల జాబితా వెబ్‌సైట్‌లో ఉంటుంది, ‘వీసా స్పాన్సర్ చేస్తారా’ అన్న వివరం కూడా చాలా చోట్ల ఇస్తారు. మీకు కావాల్సింది ఆ వడపోత పెట్టాక మిగిలిన సంఖ్య.

కారు లేకుండా బతకగలరా అన్నది కూడా ఒక గడి. షాంపేన్-అర్బానాలో విద్యార్థి కార్డు చూపిస్తే సిటీ బస్సు ఎక్కొచ్చు, షికాగోకి రైలు ఉంది. ఇలాంటి సౌకర్యం లేని చోట మొదటి సంవత్సరంలోనే సెకండ్ హ్యాండ్ కారు, ఇన్సూరెన్స్ ఖర్చు కలుపుకోండి.

8. క్యాలెండర్, చలి

నార్త్‌వెస్టర్న్, వాషింగ్టన్, ఒరెగన్, యూసీఎల్‌ఏలలో క్వార్టర్ పద్ధతి, మిగతా చోట్ల సెమిస్టర్ పద్ధతి. క్వార్టర్ చోట్ల ఫాల్ క్లాసులు సెప్టెంబర్ చివరికి మొదలై, స్ప్రింగ్ క్వార్టర్ జూన్ మధ్యకి ముగుస్తుంది. మేలో మొదలయ్యే ఇంటర్న్‌షిప్‌కి చేరలేరు, కంపెనీని జూన్ చివరి తేదీ అడగాలి. పది వారాల్లో మిడ్ టర్మ్, ఫైనల్ అయిపోతాయి కాబట్టి టెన్షన్ కూడా ఎక్కువే. క్రెడిట్లు కూడా రెండు పద్ధతుల్లో ఒకేలా ఉండవు, నేరుగా పోల్చకండి.

మిన్నియాపొలిస్, మాడిసన్‌లలో జనవరి ఎముకలు కొరికే చలి. మిన్నెసోటా క్యాంపస్‌లో భవనాల మధ్య నడవడానికి సొరంగ మార్గాలు ఉన్నాయంటే అర్థం చేసుకోవచ్చు. ఆస్తమా, కీళ్ల నొప్పులు ఉన్నవాళ్లు దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు.

9. ఫుట్‌బాల్‌ని ఎక్కడ లెక్కలోకి తీసుకోవాలి?

2022లో బిగ్ టెన్ ఏడేళ్లకి ఏడు వందల కోట్ల డాలర్లకి పైగా విలువైన టీవీ ఒప్పందం చేసుకుంది. 2025 నుంచి ఒక్కో యూనివర్సిటీ తన క్రీడాకారులకి ఏడాదికి దాదాపు రెండు కోట్ల డాలర్లు నేరుగా ఇవ్వడానికి కోర్టు ఒప్పందం దారి తెరిచింది. ఆ డబ్బు చాలావరకు క్రీడల విభాగంలోనే తిరుగుతుంది. దానివల్ల మీ ఎంఎస్ ఫీజు తగ్గదు.

అయితే ఇది మీ రోజువారీ జీవితంలోకి వస్తుంది. మిషిగన్, పెన్ స్టేట్, ఒహాయో స్టేట్ స్టేడియాలు ఒక్కోటీ లక్ష మందికి పైగా పడతాయి. ఆగస్టు చివరి నుంచి నవంబర్ దాకా సొంత ఊళ్లో మ్యాచ్ ఉన్న శనివారాలు హోటల్ ధరలు ఆకాశాన్నంటుతాయి, పార్కింగ్ దొరకదు. అమ్మానాన్నల టికెట్లు బుక్ చేసే ముందు, ఇల్లు మారే తేదీ పెట్టుకునే ముందు ఆ ఏడాది హోమ్ మ్యాచ్‌ల తేదీలు చూసుకోండి. మీకు ఆటలంటే ఇష్టమైతే వెళ్లి చూడండి, అంతటి సందడి జీవితంలో మళ్లీ దొరకదు.

10. అక్కడే స్థిరపడ్డ కుటుంబాలు పిల్లల బ్యాచిలర్స్ కోసం పోల్చేటప్పుడు

లెక్క మారుతుంది. సొంత రాష్ట్రం వాళ్లకి ఫీజు చాలా తక్కువ, కాబట్టి ఇలినాయ్‌లో ఉండే కుటుంబానికి ఇలినాయ్, న్యూజెర్సీలో ఉండే కుటుంబానికి రట్గర్స్ మొదటి వరసలో ఉండాలి. మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల మధ్య ఫీజు ఒప్పందం ఉంది, ఒక రాష్ట్రం పిల్లలు ఇంకో రాష్ట్రంలో తక్కువ ఫీజుకి చదువుకోవచ్చు. డిపెండెంట్ వీసా హెచ్-4 మీద ఉన్న పిల్లలకి సొంత రాష్ట్రం ఫీజు ఇస్తారా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, రెసిడెన్సీ ఆఫీసుకి ముందే మెయిల్ చేయండి.

ఇంకా పెద్ద విషయం, కంప్యూటర్ సైన్స్‌లోకి నేరుగా సీటు ఇచ్చారా లేదా అన్నది. ‘ముందు ఏదో ఒక మేజర్‌లో (అంటే బ్రాంచిలో) చేరి, తర్వాత సీఎస్‌కి మారిపోవచ్చు’ అనే మాట మన ఎంసెట్ కౌన్సెలింగ్‌లో స్లైడింగ్ లాంటిది అనుకుంటారు. ఇలినాయ్, వాషింగ్టన్, మేరీలాండ్ లాంటి చోట్ల అలా మారడం చాలా కష్టం. అడ్మిషన్ లెటర్‌లో మేజర్ పేరు ఏముందో అదే మీ పిల్లల సీటు అనుకుని పోల్చండి.

11. చదువుతున్నవాళ్లని అడగండి, కానీ సరైన ప్రశ్న అడగండి

‘అక్క, యూనివర్సిటీ ఎలా ఉంది?’ అంటే ‘బాగానే ఉంది రా’ అంటారు, అంతకి మించి ఏం చెబుతారు? ఇలా అడగండి: మొదటి సెమిస్టర్‌లో కావాల్సిన కోర్సులు దొరికాయా, వెయిట్‌లిస్ట్‌లో ఉండిపోయారా? మీ బ్యాచ్‌లో టీఏ ఎంతమందికి వచ్చింది, ఏ సెమిస్టర్ నుంచి? మీ రూమ్మేట్లు ఎంత అద్దె కడుతున్నారు? ఇంటర్న్‌షిప్ ఎలా దొరికింది, కెరీర్ ఫెయిర్‌లోనా, ఆన్‌లైన్‌లోనా? కనీసం ముగ్గుర్ని, అందులో ఇప్పుడే చేరినవాళ్లని ఒకరిని, చదువు ముగించినవాళ్లని ఒకరిని అడగండి. తనకి ఉద్యోగం వెంటనే వచ్చిన సీనియర్ అన్నీ బాగున్నాయంటాడు, రానివాళ్లు ఫోన్ ఎత్తరు. ఆ రెండో రకం వాళ్లతో మాట్లాడగలిగితే అసలు సంగతి తెలుస్తుంది.

కన్సల్టెన్సీ వాళ్లు ఒకే రెండు మూడు యూనివర్సిటీల పేర్లే అందరికీ చెబుతుంటే వాళ్లకి అక్కడి నుంచి కమిషన్ వస్తుందా అని నేరుగా అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

12. చివరి జాబితా, జవాబులు

షీటు నిండాక వరసలు కొట్టేయడం మొదలుపెట్టండి. బ్రాంచి లేనివి మొదట, స్టెమ్ కోడ్ లేనివి తర్వాత, మొత్తం ఖర్చు ఇంట్లో ఒప్పుకున్న హద్దు దాటినవి ఆ తర్వాత. మిగిలినవాటిలో రెండు కష్టమైనవి, మూడు మీ ప్రొఫైల్‌కి తగినవి, ఒకటి రెండు తేలికైనవి ఉంచుకోండి. ఆ తేలికైనవి బిగ్ టెన్‌లోవే అవ్వాలని పట్టుబట్టకండి.

అడ్మిట్లు వచ్చాక ఎవరైనా ఫండింగ్ ఆఫర్‌తో ‘వారంలో ఒప్పుకోవాలి’ అని తొందరపెడితే ఏప్రిల్ 15 తీర్మానం సంగతి అడగండి. దాని మీద సంతకం చేసిన యూనివర్సిటీలు ఫాల్‌కి ఇచ్చే ఫండింగ్ ఆఫర్ మీద ఆ తేదీ కన్నా ముందే జవాబు చెప్పాలని విద్యార్థిని బలవంతపెట్టకూడదు. ఫండింగ్ లేని అడ్మిట్‌కి ఈ రక్షణ వర్తించదు, అక్కడ డిపాజిట్ గడువు వాళ్లు చెప్పిందే.

ఒకటి ఖాయం చేసుకున్న రోజే మిగతావాటికి ‘నేను రావడం లేదు’ అని రెండు లైన్లు రాసి పంపండి. మీరు పట్టుకుని కూర్చున్న సీటు కోసం వెయిట్‌లిస్ట్‌లో ఇంకెవరో ఎదురుచూస్తుంటారు.